హన్మండ్లు పేరు మీది కనెక్షన్

హరిలాల్ ఎడమచేతి రెండు వేళ్ల మధ్య ఫైబర్ తీగ కొస ఉంది. కుడిచేతిలో స్పిరిట్ అద్దిన మెత్తటి కాగితం. కొసను కాగితం మీద ఆనించి ఒకే వైపుకు, ఒక్కసారి లాగాడు. పసుపు గీత పడింది. కాగితం మడత మార్చి మళ్లీ లాగాడు. ఈసారి గీత ఎర్రగా వచ్చింది. ముందుకూ వెనక్కూ రుద్దకూడదు. రుద్దితే ఉన్న మురికే గాజును గీకేస్తుంది. ఈ సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. రెండు కొసలు పాడు చేసుకున్నాక తెలిసింది.

"పసుపు కుంకుమ ఎవరు పెట్టిండ్రు చెల్లె దీనికి?" అని తల ఎత్తకుండానే అడిగాడు.

"నేనే అన్నా," అంది వినోద. "దసరకు బండికి పెట్టిన, కుట్టుమిషన్‌కు పెట్టిన. ఆయన పెట్టిచ్చిన డబ్బా గదా అని దీనికి గూడ పెట్టిన. తీగ గుంజి, తుడిచి, దాని మూతికి గూడ బొట్టు పెట్టి మళ్ల కుచ్చిన. తప్పయిందా?"

"తప్పేం లేదు. అండ్లకెల్లి వెలుతురు రావాలె. బొట్టు అడ్డం పడ్డది, గంతే."

గడప దగ్గర కూర్చున్న పక్కింటి చిన్నవ్వ ఉండబట్టలేకపోయింది. "గంట నుంచి గా తీగ మూతే తుడుస్తున్నవు. దానికేమన్న పెండ్లిచూపులున్నయా కొడకా?" అంది. అన్నాక తానున్నది ఏ ఇంట్లోనో గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు.

ఎల్లారెడ్డి నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి ఉన్న ఊరది. గుట్ట కింద పల్లంలో ఇల్లు. సెల్‌ఫోన్ మాట వరకు పనిచేస్తుంది. నెట్ మాత్రం రాదు, వచ్చినా నిలవదు. ముందుగదిలో మంచం మీద నాగవ్వ పడుకుని ఉంది. తుంటి ఎముక విరిగి మూడు నెలలైంది. ఆమె కొడుకు హన్మండ్లు, వినోద భర్త, దుబాయ్‌లో కట్టే భవనం దగ్గర గుండె ఆగి పడిపోయి ముప్పై ఎనిమిది రోజులైంది. మనిషిని ఇంటికి పంపే కాగితాలు ఒకటి వస్తే ఇంకొకటి రాలేదు. చివరికి అక్కడే దహనం చేయడానికి ఒప్పుకుంటూ వినోద సంతకం పెట్టింది, నాగవ్వ వేలిముద్ర వేసింది.

ఆ దహనం ఈ రోజే. మన టైం ప్రకారం మధ్యాహ్నం రెండున్నరకు. హన్మండ్లు చిన్నాయన కొడుకు ఆకాశ్ అక్కడే పనిచేస్తాడు. నిప్పు పెట్టేముందు ముఖం మీది గుడ్డ తీస్తారట. ఫొటో తీయొద్దన్నారు గానీ, ఆ రెండు నిమిషాలు వీడియో కాల్‌లో ఇంటివాళ్లకు చూపిస్తానంటే సరేనన్నారు. అక్కడ వాట్సాప్‌లో వీడియో నడవదు. వేరే ఆప్ వాడాలి. దానికి గట్టి నెట్ కావాలి.

పొద్దున చిన్నవ్వే ఒక మాట చెప్పి చూసింది. "ఆటోల ఏసుకోని ఎల్లారెడ్డికి పోదాం. ఆడ నెట్ మంచిగుంటది."

నాగవ్వ మంచం మీదనుంచే గద్దించింది. "నా కొడుకును బజార్ల నిలవడి చూడాల్నా? మైలల ఉన్నోళ్లం, ఎవరి గడప తొక్కుతం? వాడు పోతే ఈ ఇంట్లకెల్లే పోవాలె."

వినోద నుదుట బొట్టు ఇంకా ఉంది. చేతులకు ఆకుపచ్చ గాజులున్నాయి. ముఖం చూడందే, చితి కాలందే ఏదీ తియ్యొద్దని నాగవ్వ పట్టుపట్టింది. ముప్పై ఎనిమిది రోజులుగా వినోద భర్త ఉన్న మనిషీ కాదు, లేని మనిషీ కాదు. వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఆమె చేతులు చూసి, తర్వాత ముఖం చూస్తున్నారు.

హరిలాల్ కొసను వెలుతురు కొలిచే మీటర్‌కు తగిలించాడు. మైనస్ ముప్పై రెండు. ఇంతకుముందు ముప్పై ఎనిమిది ఉండేది. ఇరవై ఐదులోపు ఉంటేనే డబ్బాకు చూపు ఆనుతుంది. రౌటర్ మీద ఎర్ర లైటు కొట్టుకుంటూనే ఉంది.

"ఇంకొక తాన గూడ తప్పున్నది," అన్నాడు లేస్తూ.

హరిలాల్‌కు నలభై రెండేళ్లు. ఎల్లారెడ్డి పక్క తండాలో పుట్టాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి కేబుల్ టీవీ వాళ్ల దగ్గర తీగలు మోయడానికి చేరాడు. ఆ పని పోయే కాలం వచ్చినప్పుడు కామారెడ్డిలో ఒక ఇంటర్నెట్ ఆఫీసు వాళ్లు ఫైబర్ లాగడం మొదలుపెట్టారు. తీగలు అతికే పని నేర్పడానికి ఇంగ్లీషు వచ్చిన నలుగురిని హైదరాబాద్ పంపారు. హరిలాల్‌ను పంపలేదు. వాళ్లు తిరిగొచ్చి పని చేస్తుంటే కింద పడ్డ ముక్కలు ఏరుకుని సంచిలో వేసుకునేవాడు. ఆదివారం అతికే మిషన్ ఖాళీగా ఉంటే అడిగి తెచ్చుకుని, తండాలో ఇంటి ముందు కూర్చుని, ఆ ముక్కలే అతికేవాడు. గాజు నలుసులు గుచ్చుకుంటే భార్య మేఘి సూదితో తీసేది. "వెంట్రుకల్ని అతికే పని నేర్చుకుంటున్నడు మా ఆయన," అని నవ్వేది. ఆ నలుగురిలో ఇప్పుడు ఒక్కడూ ఈ పనిలో లేడు.

మాట తక్కువ. గిరాకీ దగ్గర అవుతుందనీ కాదనీ చెప్పడు. చేసి చూపిస్తాడు. లైన్ వేసిన ప్రతి స్తంభం మీద రెండు బారల తీగ చుట్టి అదనంగా వదులుతాడు. తీగ వృథా అని ఆఫీసులో కోప్పడేవారు. పని పూర్తయ్యాక రౌటర్ అడుగున తెల్ల టేపు ముక్క అంటించి తేదీ, మీటర్ అంకె రాస్తాడు. ఈ డబ్బా కిందా ఆ టేపు ఉంది. మూడేళ్ల కిందటి తేదీ. మైనస్ పందొమ్మిది.

ఆ రోజు హరిలాల్‌కు బాగా గుర్తుంది. దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేసే హన్మండ్లు అప్పుడు సెలవు మీద వచ్చి ఉన్నాడు. నిచ్చెన పట్టుకోవడానికి వచ్చి, పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కదలకుండా నిలబడ్డాడు. గోడ వెంబడి తీగకు క్లిప్పులు తానే కొట్టాడు. జానెడుకొకటి, దారం పట్టినట్టు. రౌటర్ కోసం చెక్కతో చిన్న అల్మారా చేసి, తీగ దూరేంత రంధ్రం తొలిచి, అంచులు గరుకు కాగితంతో నున్నగా చేశాడు. "తీగకు గీరుకోవద్దు గదనే," అన్నాడు. పనివాడు పనివాణ్ణి అలాగే గుర్తుపడతాడు. ఆ అల్మారా ఇప్పటికీ ఒక వైపుకు ఒరగలేదు.

హరిలాల్ గోడ వెంబడి ఆ క్లిప్పులు చూసుకుంటూ బయటికి నడిచాడు. ఒక్కటీ ఊడలేదు. తప్పు ఇంటిది కాదు. వీధి చివర స్తంభం దగ్గర తెలిసింది. కోతులు తీగ పట్టుకుని ఊగినట్టున్నాయి. పైతోలు చీలి, లోపలి గాజు మడతపడి ఉంది. పూర్తిగా తెగలేదు. తెగితే అసలు వెలుతురే ఉండదు. ఇది సగం చచ్చి ఉంది.

నిచ్చెన వేసి ఎక్కాడు. మూడేళ్ల కింద తాను చుట్టి వదిలిన రెండు బారల తీగ అలాగే ఉంది. దాన్ని విప్పి కిందికి వదిలాడు. చెడిన ముక్క కోసి పారేసినా ఇంకా మూరెడు మిగులుతుంది. స్తంభం మొదట్లో గోనెపట్టా పరిచి, కామారెడ్డి ఆఫీసు నుంచి పొద్దున తెచ్చిన మిషన్ పెట్టాడు. జిల్లా మొత్తానికి వాళ్లకున్న మిషన్ అదొక్కటే. దానికోసం పోయి రావడంతోనే పదకొండయింది.

ఏప్రిల్ ఎండ. మిషన్ తెర మీద ఏమీ కనబడడం లేదు. చేతితో నీడ పట్టబోతే తీగ వదలాలి. అంతలో తెర నల్లబడి, గీతలు స్పష్టంగా కనబడ్డాయి. తల తిప్పి చూస్తే వినోద. గొడుగు పట్టుకుని నిలబడింది. నీడ తన మీద లేదు, అతని మీదా లేదు. మిషన్ మీద ఉంది.

"నువ్వెందుకొచ్చినవ్ చెల్లె?"

"ఇంట్ల కూసోబుద్ధి అయితలేదన్నా. అందరు నన్నే చూస్తున్నరు."

హరిలాల్ పనిలో పడ్డాడు. పైతోలు ఒలిచాడు, లోపలి పూత గీకాడు. వెంట్రుకంత గాజు బయటపడింది. స్పిరిట్‌తో తుడిచి, కోత పెట్టి, మిషన్‌లో ఎదురెదురుగా రెండు కొసలు పడుకోబెట్టి మూత వేశాడు. తెర మీద రెండు కొసలూ ఒకదానివైపు ఒకటి జరిగాయి. చిటుక్కున మెరుపు. అతుకు ఎక్కడుందో కనబడకుండా ఒకటే గీత అయింది.

"అతికిందా?"

"అతికింది."

"తెలుస్తనే లేదు."

"తెలువొద్దు."

ఇంటికి వచ్చి మీటర్ పెడితే మైనస్ పందొమ్మిదిన్నర. తీగ కొసను రౌటర్‌కు తొడిగాడు. ఎర్ర లైటు ఆరింది. ఆకుపచ్చ లైటు నాలుగుసార్లు కొట్టుకుని నిలిచింది. నాగవ్వ మంచం మీదనుంచి మెడ ఎత్తింది. "వచ్చిండా?"

"ఇంక లేదవ్వా. తోవ అయితే దొరికింది."

పక్కనున్న ఇంకొక లైటు ఇంకా ఎర్రగానే ఉంది. తీగ బాగైంది గానీ కంపెనీ వాళ్లు కనెక్షన్ తెరవలేదు. హన్మండ్లు నెట్ కట్టడం ఆపి ఎనిమిది నెలలైంది. అది తెరవడం హరిలాల్ చేతిలో లేదు. కామారెడ్డి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే దేవేందర్ చేతిలో ఉంది. ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారికి ఎత్తాడు.

"అన్నం తింటున్ననే హరిలాల్. చెప్పు."

"అన్నా, పొద్దుగాల చెప్పిన గదా, హన్మండ్లు కనెక్షన్. లైన్ మంచిగైంది. జర తెరువు."

కీబోర్డు చప్పుడు వినబడింది. "ఎన్మిది నెలలు బంద్ ఉన్నదిది. తెరవాలంటే ఆయన నంబర్‌కు ఓటీపీ పోతది. ఆయనను చెప్పుమను."

"ఆయన లేడన్నా."

"లేడంటే? పొలానికి పోయిండా?"

"సచ్చిపోయిండు. దుబాయ్‌ల. గందుకే గదా నెట్."

కీబోర్డు చప్పుడు ఆగింది. "అయ్యో. నాకు గది చెప్పలేదు నువ్వు. మరి గట్లయితే పేరు మార్చాలె, డెత్ సర్టిఫికెట్ పెట్టాలె. లేకుంటే ఆయమ్మ పేరు మీద కొత్తది. ఇప్పుడు ఆధార్ పంపితే రేపు పొద్దుగాల కల్ల అయితది."

"రెండున్నరకు కావాలన్నా. ఒకటింబావు అయింది."

"నేను గుంజితే తెరుచుకునే దర్వాజ కాదే అది. ఓటీపీ లేంది కంప్యూటర్ నన్ను గూడ లోపలికి రానియ్యది."

ఈ పక్క ఊళ్లలో చాలా ఇళ్లలో ఇంతే. గ్యాస్ కనెక్షన్, కరెంటు మీటర్, నెట్ డబ్బా, అన్నీ దుబాయ్ పోయిన మనిషి పేరు మీదనే, అతని నంబర్ మీదనే ఉంటాయి. మనిషి అక్కడ, నంబర్ ఎక్కడో, ఇల్లు ఇక్కడ. హరిలాల్ ఇలాంటివి ఎన్నో చూశాడు. రేపు రండి అంటే సరే అనే ఇళ్లే అవన్నీ.

"ఆయన సిమ్ ఏడున్నది చెల్లె?"

"దుబాయ్‌కే తీస్కపోయిండు. రీఛార్జ్ చెయ్యక బంద్ అయింది, ఏడాది దాటింది." ఆమె గోడవైపు చూస్తూ చెప్పింది. "ఇప్పుడు వేరేటోళ్లకు ఇచ్చిండ్రు."

హరిలాల్ ఆ నంబర్‌కు ఫోన్ చేశాడు. నిజంగానే మోగింది. ఇంజను రొదలో ఒక మగ గొంతు, "హలో, ఎవరండీ?" అంది. కోస్తా యాస.

"అన్నా, నేను నెట్ లైన్‌మ్యాన్‌ను. మీ ఫోన్‌కు ఇప్పుడు నాలుగంకెలు వస్తయి, అవి జర చెప్పుండ్రి..."

"ఆ, చెప్తాను. తర్వాత నా బ్యాంకు ఖాతా పుస్తకం కూడా తెచ్చిమ్మంటావా? పొద్దున్నించి నువ్వు రెండోవాడివి. ఏదైనా కష్టపడే పని చూసుకో నాయనా."

పెట్టేశాడు. హరిలాల్ మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ మనిషి తప్పేమీ లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఊరూరా చెబుతూనే ఉన్నారు. హరిలాల్ కూడా మేఘికి అదే చెప్పాడు. మాటలతో నమ్మించడం అతనికి ఎప్పుడూ రాలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని ఆకుపచ్చ లైటు వైపు చూస్తూ నిలబడ్డాడు. తన పని అంతా సరిగ్గా ఉంది. అయినా ఏమీ కాలేదు. ఒకటీ ముప్పై ఐదు.

"నేను చేస్త," అంది వినోద. "నా నంబర్ చూస్తే ఎత్తుతడు."

ఎందుకు ఎత్తుతాడో హరిలాల్‌కు అర్థం కాలేదు. ఆమె తన ఫోన్ నుంచి చేసి స్పీకర్ పెట్టింది. రెండోసారి మోగకుండానే ఎత్తాడు.

"అమ్మా, మళ్లీ మీరేనా?" అన్నాడు. గొంతులో విసుగు లేదు. "ఈ నెలలో ఇది ఆరోసారి. మధ్యాహ్నం పూట చేస్తారు, నేను హలో అనగానే పెట్టేస్తారు. ఎవరమ్మా మీరు? ఏం కావాలి?"

గదిలో ఉన్న ఆడవాళ్లందరూ వినోద వైపు తిరిగారు. ఆమె ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"ఇది మా ఆయన నంబర్ ఉండె అన్నా. ఆయన సచ్చిపోయిండు."

ఇంజను రొదలో వినబడాలని ఫోన్‌ను నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

"మోగుతది గదా అని చేసిన. మోగినంతసేపు ఎత్తుతడేమో అనిపిస్తుండె. నువ్వు ఎత్తంగనే పెట్టేసిన. తప్పుగ అనుకోకు."

"ఒరేయ్, మిషన్ ఆపండ్రా!" అని అతను ఎవరిమీదో అరిచాడు. రొద ఆగింది. "చెప్పమ్మా. నా పేరు యేసుబాబు. పిట్లం దగ్గర వరికోత మిషన్ మీద ఉన్నాను. ఈ సిమ్ము తీసుకుని ఐదు నెలలే అయింది. నాకు తెలీదమ్మా. ఇందాక ఫోన్ చేసినాయన మీ మనిషేనా?"

"మా నెట్ బాగుచేసే అన్న. రెండున్నరకు ఆడ ఆయనను కాలుస్తరు. ఫోన్ల చూపిస్తమన్నరు. ఆ అంకెలు నీకొస్తేనే మా ఇంట్ల నెట్ వస్తదట."

"పంపమనండి. నేను పెట్టేయను, లైన్‌లోనే ఉంటాను."

హరిలాల్ తన ఫోన్‌లో దేవేందర్‌ను పట్టుకున్నాడు. దేవేందర్ ఓటీపీ పంపాడు. పిట్లం పొలంలో అది రావడానికి సమయం పట్టింది. యేసుబాబు అంకెలు చదివి, వినోద తిరిగి చెప్పి, హరిలాల్ దేవేందర్‌కు అప్పజెప్పేసరికి గడువు దాటిందని కంప్యూటర్ తిప్పికొట్టింది. మళ్లీ పంపారు. ఈసారి యేసుబాబు గట్టు మీదికి ఎక్కాడట. మళ్లీ ఆలస్యమైంది. మూడోసారి అంకెలు రాగానే ఒకరి నోట్లోంచి ఒకరు అందుకుని చెప్పారు.

"తీసుకున్నది," అన్నాడు దేవేందర్. "తెరుస్తున్న. పనిల పని నంబర్ గూడ మార్చమంటవా? లేకుంటే వచ్చే నెల మళ్ల గిదే తకరార్."

హరిలాల్ వినోద వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఆయన నంబరే ఉండనియ్యి."

యేసుబాబు అది విన్నాడు. "ఉంచుకోండమ్మా. ఎప్పుడు అంకెలొచ్చినా నేను చెప్తాను," అన్నాడు. ఆమె అప్పుడు ఫోన్ పెట్టేసింది. ఇరవై నిమిషాలకు పైగా మాట్లాడినట్టు తెర మీద పడింది.

హరిలాల్ రౌటర్ ఆపి మళ్లీ వేశాడు. ఒక్కొక్క లైటే వెలిగింది. చివరి ఎర్ర లైటు కాసేపు ఆలోచించినట్టు ఆగి, పచ్చబడింది. రెండూ నాలుగు. ఇంకా ఇరవై ఆరు నిమిషాలుంది. పొద్దుటినుంచీ మొదటిసారి హరిలాల్ కూర్చున్నాడు. పాస్‌వర్డ్ ఎవరూ కొట్టనక్కర్లేకపోయింది. మూడేళ్ల కింద హన్మండ్లు పెట్టినదే వినోద ఫోన్‌కు గుర్తుంది. తనంతట తానే డబ్బాను పట్టుకుంది.

పట్టుకోగానే ఫోన్ మోగడం మొదలైంది. అది కాల్ కాదు. ఒకదాని వెంట ఒకటి, ఇంతసేపూ నెట్ లేక బయట ఆగిపోయినవి లోపలికి వచ్చి పడుతున్నాయి. ఆకాశ్, వీడియో కాల్, ఒకటీ నలభై ఒకటి. ఆకాశ్, ఒకటీ నలభై మూడు. ఒకటీ నలభై ఆరు. ఒకటీ యాభై రెండు. కింద ఒక మెసేజ్. వదినా ఫోన్ ఎత్తు.

వినోద వేలు పెట్టగానే కాల్ కలిసింది. ఆకాశ్ ముఖం వచ్చింది. ఒక్క చుక్క చెదరలేదు, ఒక్క క్షణం ఆగలేదు. అతని పై పెదవి మీది చెమట కూడా కనబడుతోంది.

"వదినా, ముందలోళ్ల మనుషులు రాలేదని మనది ముందు పెట్టిండ్రు. జర ఆగుండ్రని కాళ్లు మొక్కిన. నెట్ కాల్ కలుస్తలేదు. మామూలు ఫోన్ కొడితే బిజీ, బిజీ అన్నది. ఎవరితోని మాట్లాడుతున్నవ్ వదినా అంతసేపు?"

హరిలాల్ నేలకేసి చూశాడు.

"నాకు చూపియ్యే," అంది నాగవ్వ. వినోద ఫోన్‌ను మంచం దగ్గరికి తీసుకుపోయింది. "ఏడిరా వాడు? అటు తిప్పు."

ఆకాశ్ ఫోన్ తిప్పాడు. పొడుగాటి వరండా, తెల్ల గోడలు, చివర ఇనుప తలుపు. తలుపు మీద బోల్టులు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంది.

"గా దర్వాజ వెనుకనే పెద్దమ్మా."

"తెరిపియ్యి."

"ఇంక తెరువరు పెద్దమ్మా."

"మొఖం ఎట్లుండెరా?"

ఆకాశ్ ఫోన్ తనవైపు తిప్పుకున్నాడు. "మంచిగనే ఉండె. పండుకున్నట్టే ఉండె." చెబుతున్నంతసేపూ అతని కళ్లు తెర మీద లేవు, ఎక్కడో పక్కన ఉన్నాయి. శవాన్ని అక్కడ ఉంచి ముప్పై ఎనిమిది రోజులు. నెట్ కొంచెం తక్కువగా ఉంటే అతను చూపు తప్పించడం తెలిసేది కాదు. వినోదకు తెలిసింది. హరిలాల్‌కూ తెలిసింది.

నాగవ్వ ఏడవలేదు. తెరలోకి చూస్తూ, "నాకు కనవడలే. మళ్ల చూపియ్యిరా," అంది. ఆకాశ్ మళ్లీ తలుపు చూపించాడు. ఆమె మళ్లీ అడిగింది. అతను మళ్లీ చూపించాడు. ఆ తలుపు ఎంతసేపు చూపించినా బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు.

హరిలాల్ బయటికి వచ్చి నిచ్చెన మడిచాడు. మిషన్‌ను పెట్టెలో పెట్టి, తీగ ముక్కలు, గాజు నలుసులు ఏరి సీసాలో వేశాడు. చిన్న పిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయి. కోతులు తీగ చింపకపోతే, బొట్టు అడ్డం రాకపోతే, దేవేందర్ మొదటి ఫోనే ఎత్తి ఉంటే అని లెక్కలు వేయబోయి మానేశాడు. ఇరవై నిమిషాలు ఎక్కడైనా మిగిలేవి. ఎక్కడా మిగలలేదు. లోపల ఆడవాళ్ల ఏడుపు మొదలైంది. ఎవరో నీళ్ల బిందె తెస్తున్నారు. వినోదను కూర్చోబెట్టడానికి పీట వేస్తున్నారు.

పని పూర్తయిందని ఆఫీసుకు తెలపాలంటే ఇంటివాళ్ల నంబర్‌కు మళ్లీ నాలుగంకెలు వస్తాయి, అవి కొట్టాలి. కొట్టకుండానే పోదామనుకున్నాడు. ఆఫీసులో తిడితే తిడతారు. బండి తాళం తిప్పబోతుంటే వినోద వాకిట్లోకి వచ్చింది. వెనక చిన్నవ్వ, "ఇప్పుడు బయటికి రావొద్దు బిడ్డా," అంటోంది.

"అన్నా, నంబర్ మార్చు. నాది పెట్టు."

"తర్వాత చేద్దాం చెల్లె. రేపొస్త."

"రేపు నన్ను బయటికి రానియ్యరు. ఇప్పుడే మార్చు."

హరిలాల్ బండి దిగాడు. దేవేందర్‌కు చెప్పాడు. పాత నంబర్‌కు అంకెలు వెళ్లాయి. ఎవరూ ఫోన్ చేయకముందే యేసుబాబు తానే చేశాడు. అంకెలు చెప్పి, ఆగి అడిగాడు. "చూశారామ్మా ఆయన్ని?"

"లేదన్నా. ఆలిశమైంది."

"నేను ముందే చెప్పి ఉండాల్సిందమ్మా. ఆ లైన్‌మ్యాన్ ఫోన్ చేసినప్పుడే..."

"నువ్వేం జేస్తవన్నా. ఇంక ఆ నంబర్ నీదే. నేను చెయ్య."

ఫోన్ పెట్టేసింది. కాసేపటికి ఆమె ఫోన్‌కే మెసేజ్ వచ్చింది. ఆ ఇంటి కనెక్షన్‌కు సంబంధించి ఆమె నంబర్‌కు వచ్చిన మొదటి మెసేజ్ అది.

"అండ్ల నాలుగంకెలుంటయి చూడు చెల్లె. అవి చెప్తే పని అయిపోయినట్టు."

హరిలాల్ లోపలికి వెళ్లి, డబ్బా అడుగున పాత టేపు పక్కనే కొత్త టేపు అంటించి, తేదీ, పందొమ్మిదిన్నర అని రాసి వచ్చాడు. వినోద ఎండలో నిలబడి ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పట్టుకుంది. గాజులు మోచేతి వైపు జారాయి.

"ఏడు," అంది. "సున్న. మూడు." ఒక్క క్షణం ఆగింది. "ఎన్మిది."

హరిలాల్ నాలుగూ కొట్టాడు.